రాబోయే మార్పులను ముందే పసిగట్టి ప్లాన్‌లోకి తీసుకోవడం ఎలా?

చాలా సంస్థల అయిదేళ్ల ప్రణాళికలో మొదట్లోనే ఒక పేజీ ఉంటుంది. ఏఐ, వాతావరణ మార్పు, పెరుగుతున్న వృద్ధుల సంఖ్య, కొత్త రకం బ్యాటరీలు, మారుతున్న ఉద్యోగాలు అన్నీ అందులో కనిపిస్తాయి. రెండో పేజీ నుంచి ప్లాన్ వేరే దారిలో వెళ్లిపోతుంది. నిరుటి ఖర్చుకు పది శాతం కలుపుతారు, నిరుటి పనులకే కొత్త తేదీలు వేస్తారు. ఇలాంటి ప్లాన్లు చాలా చదివాక నాకు ఒక సంగతి గట్టిగా అనిపించింది. ట్రెండ్లు తెలియక నష్టపోయేవాళ్లు తక్కువ. తెలిసిన ట్రెండుకూ తమ చేతిలో ఉన్న నిర్ణయానికీ ముడి వేయక నష్టపోయేవాళ్లే ఎక్కువ. ఆ ముడి వేయడం ఎలాగో వరసగా చెబుతాను. ఇద్దరు ముగ్గురున్న బృందం కూడా ఇది చేసుకోగలదు.

1. ముందు నిర్ణయాలు రాయండి, ట్రెండ్ల సంగతి తర్వాత

రాబోయే రెండేళ్లలో మీరు తీసుకోబోయే నిర్ణయాల్లో, ఒకసారి తీసుకుంటే వెనక్కి మళ్లడం కష్టమైనవి ఒక కాగితం మీద రాయండి. కొత్త భవనం, పెద్ద యంత్రం, పదేళ్ల ఒప్పందం, సంస్థ మొత్తం వాడే సాఫ్ట్‌వేర్, పెద్ద ఎత్తున చేపట్టే నియామకాలు లాంటివి. అయిదారు చాలు. ఒక్కోదాని పక్కన అది మిమ్మల్ని ఎన్నేళ్లు కట్టిపడేస్తుందో రాయండి. మూడు నెలల్లో మార్చుకోగలిగే నిర్ణయం కోసం భవిష్యత్తు గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ముప్పై ఏళ్లు నిలిచే భవనానికి మాత్రం ముప్పై ఏళ్ల చూపు కావాలి.

ఇలా నిర్ణయం వైపు నుంచి మొదలుపెడితే పని ఎంత తేలికవుతుందో క్వాంటమ్ కంప్యూటర్ల విషయంలో చూడండి. ఇంటర్నెట్‌లో మన సమాచారాన్ని కాపాడే డిజిటల్ తాళాల్లో చాలావరకు, చాలా పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడం లాంటి కష్టమైన లెక్కల మీద ఆధారపడ్డాయి. తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఉంటే ఆ లెక్క తేలికైపోతుందని పీటర్ షోర్ 1994లోనే చూపించారు. అంత పెద్ద యంత్రం ఇంకా లేదు. ఎప్పుడొస్తుందన్న దాని మీద నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. "ఎప్పుడొస్తుందో తెలియనిదానికి ఏం ప్లాన్ చేస్తాం" అంటూ చాలామంది అక్కడే ఫైలు మూసేస్తారు.

మిషెల్ మోస్కా అనే శాస్త్రవేత్త దీనికి ఒక చిన్న కూడిక చెప్పారు. మీ సమాచారం ఎన్నేళ్లు రహస్యంగా ఉండాలి? మీ వ్యవస్థలన్నిటినీ కొత్త తాళాలకు మార్చడానికి ఎన్నేళ్లు పడుతుంది? ఈ రెండూ కలిపితే వచ్చేది, అలాంటి యంత్రం రావడానికి పట్టే కాలం కంటే ఎక్కువైతే మీరు చిక్కుల్లో ఉన్నట్టే. ఎందుకంటే ఈ రోజు దొంగిలించిన సమాచారాన్ని దాచి ఉంచి, యంత్రం వచ్చాక తెరుచుకోవచ్చు. ఒక ఆస్పత్రి రోగుల రికార్డులు పాతికేళ్లు గోప్యంగా ఉండాలి, వ్యవస్థ మార్పుకు ఏడేళ్లు పడుతుంది అనుకుందాం. మొత్తం 32 ఏళ్లు. ఆ యంత్రం 32 ఏళ్ల దాకా రాదని మీరు భరోసాగా చెప్పగలరా? చెప్పలేకపోతే పని ఇప్పుడే మొదలుపెట్టాలి. యంత్రం వచ్చే తేదీ తెలియకుండానే నిర్ణయం తేలిపోయింది. పైగా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2016లో కొత్త తాళాల కోసం ప్రతిపాదనలు పిలిచి, 2024 ఆగస్టులో మొదటి మూడు ప్రమాణాలను ఖరారు చేసింది. కాబట్టి దేనికి మారాలన్న ప్రశ్నకు కూడా చాలావరకు జవాబు దొరికింది.

2. ఎక్కడ వెతకాలి

సమాజం, సాంకేతికత, ఆర్థికం, పర్యావరణం, రాజకీయాలు-చట్టాలు అని అయిదు గళ్లు గీసుకోండి. ఏ గడి ఖాళీగా ఉందో చూసుకోవడానికే ఇది. సాంకేతికత తెలిసినవాళ్లు ఒక గడినే నింపుతారు, ఆర్థికం తెలిసినవాళ్లు మరో గడిని నింపుతారు. ఖాళీగా మిగిలిన గడి నుంచే దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ.

ఒక మార్పు పేపర్లో పెద్ద హెడ్డింగ్‌గా వచ్చేలోపు చాలాచోట్ల కనిపించి ఉంటుంది. మొదట పరిశోధన పత్రాల్లో కనిపిస్తుంది. ఇప్పటి ఏఐ మోడళ్లకు పునాది వేసిన ట్రాన్స్‌ఫార్మర్ అనే పద్ధతిని వివరించిన పత్రం 2017 జూన్‌లో ఆర్కైవ్ (arXiv) అనే పరిశోధన పత్రాల సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదవగలిగేలా వచ్చింది. చాట్‌జీపీటీ జనం ముందుకు వచ్చింది 2022 నవంబరు 30న. మధ్యలో అయిదేళ్లకు పైగా గడువుంది. పరిశోధన తర్వాత పేటెంట్లు చూడాలి. దరఖాస్తు చేసిన సుమారు 18 నెలలకు చాలా దేశాల్లో అవి బహిరంగమవుతాయి. కొత్త మందులైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీల్లో నమోదవుతాయి. ఆ తర్వాత ప్రమాణాల కమిటీలు, కంపెనీల ఉద్యోగ ప్రకటనలు. ఒక కంపెనీ ఏం చేయబోతోందో దాని ప్రసంగాల కంటే అది ఎలాంటి మనుషుల కోసం వెతుకుతోందో చూస్తే బాగా తెలుస్తుంది.

వీటన్నిటిలో చదవడానికి తేలికైనవీ, అయినా జనం పట్టించుకోనివీ ముసాయిదా చట్టాలు. ఐరోపా సమాఖ్య వ్యక్తిగత డేటా చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చింది 2018 మే 25న. దాని ప్రతిపాదన 2012 జనవరిలోనే బయటికొచ్చింది, ఆమోదం 2016లో దొరికింది. ఆరేళ్లకు పైగా అందరి కళ్ల ముందే ఉంది. అయినా చివరి నెలల్లో హడావిడి పడిన సంస్థలు చాలా ఉన్నాయి.

సమాజం గడిలో జనాభా లెక్కలకు మొదటి చోటివ్వండి. పదిహేనేళ్ల తర్వాత కాలేజీలో చేరగల పిల్లలు ఈపాటికే పుట్టేశారు. వాళ్లు ఎంతమందో లెక్క ఉంది, ఊహించాల్సిన పని లేదు. వలసలు లేకుండా జనాభా నిలకడగా ఉండాలంటే ఒక్కో మహిళకు సగటున 2.1 మంది పిల్లలు పుట్టాలి. దక్షిణ కొరియాలో 2023లో ఆ సగటు 0.72. అక్కడ బడి పెట్టాలనుకునేవాళ్లకైనా, సైన్యంలోకి మనుషులు కావాల్సినవాళ్లకైనా, పెన్షన్ నిధి నడిపేవాళ్లకైనా ఇంతకంటే స్పష్టమైన కబురు ఉండదు. ప్రపంచ జనాభా కూడా 2080లలో సుమారు 1,030 కోట్ల దగ్గర గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. జనాభా మెల్లగా కదులుతుంది కాబట్టి వార్త అవదు. ప్రణాళిక వేసేవాళ్లకు మాత్రం చేతికి దొరికే అత్యంత నమ్మకమైన సమాచారం ఇదే.

3. ఒక్కో సంకేతానికి ఒక కార్డు

కనిపించిన ప్రతిదాన్నీ లింకుగా దాచుకుంటే నెల తిరిగేసరికి అదొక గుట్ట అవుతుంది, ఎవరూ మళ్లీ తెరవరు. అందుకే కార్డు రాయండి. ఏం జరిగిందో ఒక వాక్యం, ఎక్కడ, ఏ తేదీన, ఇది పెరిగితే ఏం మారుతుంది, మీ జాబితాలోని ఏ నిర్ణయాన్ని తాకుతుంది. అయిదు లైన్లు దాటకూడదు. ఆ చివరి లైను నింపలేకపోతే ఆ కార్డును పక్కన పెట్టేయండి. ఎంత ఆసక్తికరంగా ఉన్నా సరే. ఈ ఒక్క నియమం పాటిస్తే మీ పని సగానికి సగం తగ్గుతుంది.

మనిషికి వారానికి ఒక గంట, రెండు కార్డులు చాలు. ఒక్కరే రాస్తే వాళ్ల ఇష్టాలే కార్డుల్లోకి వస్తాయి. కస్టమర్లతో రోజూ మాట్లాడేవాళ్లనూ, కొత్తగా చేరినవాళ్లనూ తప్పకుండా కలుపుకోండి. జనం ఒక వస్తువును తయారుచేసినవాళ్లు అనుకోని పద్ధతిలో వాడుతుంటే అది మొదట వీళ్ల కంటికే కనిపిస్తుంది.

4. వాపా, బలుపా?

వాపును చూసి బలుపు అనుకోవడం ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన తప్పు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

2022 డిసెంబరు 5న అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో ఒక కేంద్రక సంలీన ప్రయోగం, అంటే అణువుల కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే ప్రయోగం జరిగింది. లేజర్లు లక్ష్యానికి 2.05 మెగాజౌళ్ల శక్తిని ఇస్తే, సంలీనం నుంచి 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. పెట్టినదానికంటే ఎక్కువ శక్తి తిరిగొచ్చిందని ప్రపంచమంతా వార్తలు. శాస్త్రపరంగా అది నిజంగా గొప్ప మైలురాయి. అయితే ఆ లేజర్లను వెలిగించడానికి కరెంటు లైన్ల నుంచి తీసుకున్నది సుమారు 300 మెగాజౌళ్లు. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, అక్కడి నుంచి కరెంటు అమ్మే ప్లాంటు దాకా చాలా దూరం ఉంది. కాబట్టి ప్రతి పెద్ద వార్తకూ మొదటి ప్రశ్న: ఈ అంకె దేనితో పోల్చి చెప్పారు? ఏ ఖర్చును లెక్కలో వదిలేశారు?

రెండో ప్రశ్న: ఇది ఏ మెట్టు మీద ఉంది? నాసా వాడుకలోకి తెచ్చిన సాంకేతిక సంసిద్ధత స్థాయిలు 1 నుంచి 9 వరకు ఉంటాయి. మూల సూత్రం గమనించడం 1, ల్యాబ్‌లో భాగాలు కలిసి పనిచేయడం 4, నిజమైన వాతావరణంలో వాడి నిరూపించుకోవడం 9. మీ నిర్ణయం రెండేళ్లదై, సాంకేతికత 3 దగ్గర ఉంటే దాన్ని ప్లాన్‌లో పెట్టకండి, కార్డుల పెట్టెలో ఉంచండి.

మూడో ప్రశ్న ధర గురించి. నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. థియోడర్ రైట్ అనే ఇంజనీరు 1936లో విమానాల తయారీని గమనించి, మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ఖర్చు దాదాపు ఒకే శాతంలో తగ్గుతోందని రాశారు. ఆ తర్వాత చాలా వస్తువుల్లో ఇదే కనిపించింది. లిథియం అయాన్ బ్యాటరీలను సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. విద్యుత్ వాహనాల్లో వాడేలాంటి ప్యాక్ సగటు ధర 2010లో కిలోవాట్ అవర్‌కు వెయ్యి డాలర్లకు పైనే ఉండేది. 2024 నాటికి 115 డాలర్ల దగ్గరికొచ్చింది. ఏ ఒక్క సంవత్సరమూ సంచలనం లేదు. 2022లో కాస్త పెరిగినా, మొత్తం మీద గీత మాత్రం కిందికే దిగింది. ధరల గీత దొరికితే గ్రాఫ్ గీసి, మీకు లాభసాటి అయ్యే ధర ఏదో ముందే గుర్తు పెట్టుకోండి.

కాలం విషయంలో మన అంచనా రెండు వైపులా తప్పుతుంది. ఏ సాంకేతికతనైనా దగ్గరి కాలానికి ఎక్కువగానూ, దూరపు కాలానికి తక్కువగానూ అంచనా వేస్తామని భవిష్యత్తు మార్పులను అధ్యయనం చేసిన రాయ్ అమారా అనేవారు. టెక్నాలజీ కంపెనీలు ఎక్కువగా ఉండే అమెరికా షేర్ల సూచీ నాస్‌డాక్ 2000 మార్చిలో 5,000 దాటి, రెండున్నరేళ్లలో మూడొంతులకు పైగా పడిపోయింది. మళ్లీ ఆ ఎత్తుకు రావడానికి 2015 దాకా పట్టింది. అదే పదిహేనేళ్లలో ఇంటర్నెట్ మన జేబులోకే వచ్చేసింది. షేర్ల ధర చూసి "ఇంటర్నెట్ పని అయిపోయింది" అనుకున్నవాళ్లూ, 1999లో రెండేళ్లలో అంతా మారిపోతుందని అప్పులు చేసినవాళ్లూ ఇద్దరూ దెబ్బతిన్నారు. కోవిడ్ టీకాల్లో వాడిన ఎంఆర్‌ఎన్‌ఏ సాంకేతికత విషయం ఇంకో రకం. కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్‌ల కీలక పత్రం 2005లో వచ్చింది. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2020 డిసెంబరులో దాని మీద నిలిచిన టీకాలు జనానికి వేయడం మొదలైంది, 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నివురు గప్పిన నిప్పులా ఉండే ఇలాంటివాటిని పెట్టెలోంచి తీసి పారేయకండి.

నాలుగో ప్రశ్న: దీన్ని ఆపుతున్నది ఏది? దుకాణంలో మొట్టమొదటి బార్‌కోడ్‌ను స్కాన్ చేసింది 1974 జూన్ 26న, అమెరికాలో. పరికరం పనిచేసింది. కానీ వస్తువుల మీద కోడ్ లేకుండా దుకాణాలు స్కానర్లు కొనవు, దుకాణాల్లో స్కానర్లు లేకుండా తయారీదారులు కోడ్ ముద్రించరు. చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కు విడిపోవడానికి ఏళ్లు పట్టింది. అలాంటప్పుడు కొత్త పరికరం మీద కన్నేసి లాభం లేదు, ముడి ఎక్కడ విడుతోందో గమనించాలి. ఇప్పుడు చాలా రంగాల్లో ఆ ముడి విద్యుత్ లైన్ల దగ్గరో, నేర్చిన మనుషుల దగ్గరో, చట్టం దగ్గరో ఉంటోంది.

5. మూడు కుప్పలు చేయండి

మీ నిర్ణయం మీద ప్రభావం ఎంత, జరుగుతుందన్న నమ్మకం ఎంత అని ఒక్కో కార్డునూ చూడండి. ప్రభావం పెద్దది, జరగడం దాదాపు ఖాయం అయితే నేరుగా ప్లాన్‌లోకి, బడ్జెట్‌తో సహా. జనాభా కార్డులు చాలావరకు ఇక్కడికే వస్తాయి. ప్రభావం పెద్దది, జరుగుతుందో లేదో తెలియదు అయితే తర్వాతి మెట్టుకు. మిగిలినవి మళ్లీ పెట్టెలోకి.

6. కొన్ని రకాల భవిష్యత్తులు రాయండి

చమురు కంపెనీ షెల్‌లో పియర్ వాక్ బృందం 1970ల మొదట్లో ఇదే పని చేసింది. ఒకే అంచనా పట్టుకోకుండా, చమురు సరఫరా గట్టిగా దెబ్బతినే పరిస్థితిని కూడా ఒక కథగా రాసి మేనేజర్ల ముందు పెట్టింది. 1973 అక్టోబరులో చమురు ఆంక్షలు మొదలై కొద్ది నెలల్లోనే ధర సుమారు నాలుగు రెట్లయింది. ఆ తేదీని షెల్ ముందే చెప్పలేదు. అలాంటి పరిస్థితి ఎలా ఉంటుందో మాత్రం దాని మేనేజర్లు అప్పటికే ఆలోచించి ఉన్నారు.

మీరు చేయాల్సింది ఇలా. అకౌంట్స్ నేర్పే ఒక శిక్షణ సంస్థ పెద్ద భవనం కొనాలా అని ఆలోచిస్తోందనుకోండి. దానికి రెండు పెద్ద అనుమానాలు ఉన్నాయి. ఏఐ లెక్కల పని మొత్తాన్ని తనంతట తాను చేసేస్తుందా, లేక మనిషికి సాయంగానే ఉంటుందా? లెక్కలకు మనిషి సంతకం, బాధ్యత తప్పనిసరి అని చట్టాలు పట్టుబడతాయా, సడలిస్తాయా? ఈ రెండిటినీ అడ్డంగా, నిలువుగా పెడితే నాలుగు రకాల భవిష్యత్తులు వస్తాయి. ఒక్కోదానికీ అర పేజీ కథ రాయండి. అప్పుడు ఎవరు చేరతారు, ఏం నేర్చుకోవాలనుకుంటారు, ఎవరు డబ్బు కడతారు? ఒకదాన్ని స్వర్గంలా, ఇంకోదాన్ని నరకంలా రాయకండి. అన్నిటిలోనూ నిజంగా బతకగలిగేట్టు ఉండాలి.

తర్వాత ప్లాన్‌ను ఒక్కో భవిష్యత్తులో పెట్టి చూడండి. పెద్ద భవనం నాలుగిట్లో ఒక్కదాంట్లోనే గిట్టుబాటు అవుతుంది. ఏఐ చేసిన లెక్కను తనిఖీ చేయడం నేర్పే కోర్సు కనీసం మూడింట్లో పనికొస్తుంది. అలాంటప్పుడు కోర్సు ఇప్పుడే మొదలుపెట్టాలి, భవనం కొనే బదులు మూడేళ్ల అద్దెకు తీసుకోవాలి. చర్చ ఇక్కడికి వచ్చేసరికి టెన్షన్ కూడా తగ్గుతుంది. ఎవరి జోస్యం నిజమవుతుందన్న వాదన పోయి, ఏం చేస్తే ఎక్కువచోట్ల నిలబడతామన్న మాట మొదలవుతుంది.

7. ఏది జరిగితే ఏం చేస్తారో ముందే రాసి పెట్టండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. ప్రతి భవిష్యత్తుకూ దారి ఎటు తిరుగుతోందో చెప్పే ఒకటి రెండు గుర్తులు ఎంచుకోండి. అంకె, తేదీ, చూసే మనిషి, అప్పుడు చేసే పని నాలుగూ రాయండి. ఉదాహరణకు: "ప్రాథమిక స్థాయి అకౌంట్స్ ఉద్యోగ ప్రకటనలు నిరుటితో పోలిస్తే వరసగా రెండు త్రైమాసికాలు మూడో వంతు తగ్గితే, తర్వాతి బ్యాచ్‌ను సగానికి కుదించి, ఆ అధ్యాపకులను తనిఖీ కోర్సుకు మారుస్తాం. చూసే బాధ్యత అడ్మిషన్ల ఇన్‌ఛార్జిది." పరిస్థితి చెడిన రోజున కూర్చుని ఆలోచిస్తే భయమో మొహమాటమో అడ్డొస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని తప్పాలంటే, ప్రశాంతంగా ఉన్న రోజునే అందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టాలి.

అంచనాలను మాటల్లో చెప్పకండి. "అవకాశం ఉంది" అంటే ఒకరికి ముప్పై శాతం, ఇంకొకరికి ఎనభై శాతం. "వచ్చే డిసెంబరు 31లోపు ఈ చట్టం ఆమోదం పొందే అవకాశం 70 శాతం" అని రాయండి. తేదీ వచ్చాక లెక్క చూడండి. గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1950లో చెప్పిన పద్ధతి సులువు: జరిగితే 1, జరగకపోతే 0 వేసి, మీ అంచనాకూ దానికీ ఉన్న తేడాను వర్గం చేయండి. 0.7 అన్నది జరిగితే 0.09, జరగకపోతే 0.49. ఎంత తక్కువైతే అంత మంచిది. ఇరవై ముప్పై అంచనాలయ్యాక మీ బృందంలో ఎవరి మాటకు ఏ విషయంలో ఎంత బరువివ్వాలో కనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ టెట్‌లాక్ బృందం 2011లో మొదలైన అంచనాల పోటీలో గెలిచింది కూడా ఇలా లెక్క రాసుకుని, కొత్త సమాచారం వచ్చినప్పుడల్లా అంకెను కొద్దికొద్దిగా సవరించుకునే మామూలు మనుషులతోనే. అందులో హోదాకు చోటు లేదు.

8. మూడు నెలలకోసారి కూర్చోండి

ఒకటిన్నర గంట చాలు. మొదటి అరగంట కొత్త కార్డులకు, తర్వాతి అరగంట గుర్తుల అంకెలకు, చివరిది నిర్ణయాలకు. నిర్ణయించే అధికారం ఉన్న మనిషి గదిలో లేకపోతే ఆ సమావేశం వాయిదా వేసుకోండి. మాట్లాడే వరస వయసులో, పదవిలో చిన్నవాళ్ల నుంచి మొదలుపెట్టండి. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే మిగతావాళ్లు తలూపడంతోనే సరిపోతుంది.

ఏదైనా పెద్ద నిర్ణయానికి ముందు మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ చెప్పిన చిన్న అభ్యాసం చేయించండి. "మూడేళ్లు గడిచాయి, ఈ ప్లాన్ ఘోరంగా విఫలమైంది. ఎందుకో పది నిమిషాల్లో రాయండి" అని అడగాలి. విఫలమవుతుందా అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. విఫలమైందని చెప్పేస్తే మనసులో దాచుకున్న అనుమానాలన్నీ బయటికొస్తాయి. వచ్చినవాటిని కొత్త కార్డులుగా రాయండి.

ఏడాదికోసారి పాత పెట్టె మొత్తం తెరవండి. మిమ్మల్ని ఆశ్చర్యపరిచిన మార్పులు ఏవో ముందు రాసుకుని, వాటికి కార్డు ఉందా అని వెతకండి. కార్డు ఉండి కూడా పని జరగకపోతే ఏడో మెట్టు దగ్గర లోపం. కార్డే లేకపోతే ఆ కబురు మొదట ఎక్కడ వచ్చిందో వెతికి పట్టుకుని, ఆ చోటును వారం వారం చూసే జాబితాలో చేర్చండి. ఏడాదంతా చదివినా ఒక్క కార్డు కూడా ఇవ్వని చోటును అదే రోజు జాబితాలోంచి తీసేయండి.